పన్నెండు నెలల కాగితం

దొంతుల లింబయ్య. ఈ పేరును నేను మొదటిసారి విన్నది 2021 నవంబరులో, నిజామాబాదు వినాయక్‌నగర్‌లోని మా ఇంటి గుమ్మంలో. మిద్దెమీద సౌర ఫలకాలు పెట్టించుకోవాలని ఒక కంపెనీకి ఫోను చేస్తే వారు పంపిన మనిషి అతడు. వయస్సు యాభైకి అటూ ఇటూగా ఉంటుంది. మెడలో కొలత టేపు, భుజానికి నల్లని రెగ్జిన్ సంచి. ఎవరని అడిగితే, హాజరుపట్టీ పిలిచినప్పుడు లేచి నిలబడే విద్యార్థిలా ఇంటిపేరుతో సహా చెప్పి, చెప్పులు విప్పి మెట్లెక్కాడు.

గంట గడిచినా కిందికి రాలేదు. టీ చల్లారిపోతున్నదని పైకి వెళ్ళి చూస్తే ఏమీ కొలవకుండా, పిట్టగోడకు ఆనుకొని పక్కింటివారి వేపచెట్టు వైపు చూస్తున్నాడు.

"పని మొదలుపెట్టలేదా?" అన్నాను.

"గిదే పని టీచరమ్మ. గీ చెట్టును ఏటా కొట్టిస్తరా, గట్లనే ఉంచుతరా?"

"అది వాళ్ళ చెట్టు. నాకేం తెలుసు?"

"తెల్సుకోవాలె గదా. గీ దిక్కు ఇంటోళ్ళు మీద ఇంకో అంతస్తు ఏస్తమని ఎన్నడన్న అన్నరా?"

ముప్ఫై నాలుగేళ్ళు తెలుగు ఉపాధ్యాయినిగా పనిచేసిన నన్ను తిరిగి ప్రశ్నలు వేసేవారు తక్కువ. లింబయ్య వరుసగా పది వేశాడు. నేను చెప్పిన ప్రతి సమాధానాన్నీ సంచిలోనుంచి తీసిన ఒక కాగితం మీద రాసుకున్నాడు. దానిమీద స్కేలుతో గీసిన పన్నెండు గడులు ఉన్నాయి. ఒక్కొక్క గడికి ఒక్కొక్క నెల పేరు. వేప ఆకు రాల్చే నెల, పక్కవీథిలో పెళ్ళిపందిళ్ళు లేచే నెల, మా మిద్దెమీద మిరపకాయలు ఎండే నెల, అన్నీ ఆ గడులలోకి వెళ్ళాయి.

"ఇది మీ కంపెనీ నియమమా?" అని అడిగాను.

"కంపెనీది కాదు, నాదే," అన్నాడు. ఎందుకని అడిగితే జవాబు చెప్పకుండా టీ తాగాడు.

ఆనాడు మా ఇద్దరి మధ్య ఒక చిన్న వాగ్వాదం కూడా జరిగింది. నా మిద్దెమీద పుట్టిన కరెంటు వీథిలోని తీగలోకి వెళ్ళి కలుస్తుందనీ, వీథిలో కరెంటు పోతే నా ఇంట్లోనూ పోతుందనీ అతడు చెప్పగానే నాకు కోపం వచ్చింది.

"నా ఎండ, నా మిద్దె, నా ఫలకాలు. వీథిలో పోతే నా ఇంట్లో ఎందుకు పోవాలి?"

"లైన్‌మన్ స్తంభమెక్కుతడు టీచరమ్మ. లైను బందున్నదని తీగ పట్టుకుంటడు. మీ ఇంట్లకెల్లి కరెంటు పోయి ఆయనకు తాకితే? అందుకే లైను బందయితే గిది కూడ తానే బందయితది. గిండ్ల బ్యాటరీ ఉండది, దాచుకునుడు ఉండది. పుట్టిన కరెంటు పుట్టినట్టే లైన్ల కలుస్తది. ఊరితోని కలిసి బతుకుడన్నట్టు."

ఆ చివరి మాటతో నేను తగ్గాను. అతడు రాసి ఇచ్చిన అంచనా కాగితంలో తప్పులు ఉన్నాయి. అలవాటు కొద్దీ ఎర్ర సిరాతో దిద్ది తిరిగి ఇచ్చాను. నొచ్చుకుంటాడేమో అనుకున్నాను. మరునాడు శుభ్రంగా తిరగరాసి తెచ్చాడు. అప్పటినుండి తాను రాసిన ప్రతి కాగితాన్నీ కంపెనీకి పంపేముందు నాకు చూపించడం అలవాటు చేసుకున్నాడు. అతడు వాటిని ప్లేట్లు అంటాడు, నేను ఫలకాలు అంటాను. ఈ ఒక్క విషయంలో ఇద్దరమూ ఇప్పటికీ పట్టు విడవలేదు.

లింబయ్య పుట్టింది బోధన్ పక్కన. ఐ.టి.ఐ. చదివి, ఇరవై రెండేళ్ళు చక్కెర ఫ్యాక్టరీ పవర్‌హౌసులో పనిచేశాడు. చెరకు పిప్పిని మండించి, ఆవిరి పుట్టించి, ఆ ఆవిరితో ఫ్యాక్టరీ తన కరెంటును తానే తయారుచేసుకునేదట. "మాకు చెరకు కూడ ఎండనే టీచరమ్మ. ఏడాది ఎండను గడ తాగుతది, మేము పిప్పిల కెల్లి తీసుకుంటుంటిమి. ఇప్పుడు గడ లేకుండ నేరుగ తీసుకుంటున్నం, గంతే," అని ఒకసారి అన్నాడు. దాదాపు పదేళ్ళ క్రితం ఫ్యాక్టరీ మూతబడింది. రెండేళ్ళు మోటార్లకు రాగితీగ చుట్టలు చుట్టి, ఆ తరువాత తనకంటే ఇరవై ఏళ్ళు చిన్నవారి దగ్గర సౌర విద్యుత్తు పని నేర్చుకున్నాడు. మిద్దెల మీద మొదలై పొలాల దాకా వెళ్ళాడు. రైతుల బీడు భూముల్లో, సబ్‌స్టేషనుకు దగ్గరగా, పెద్ద కేంద్రాలు వేయించే పనికి పర్యవేక్షకుడయ్యాడు.

నేను చెప్పదలచుకొన్న సంగతి 2024 జూన్‌లో జరిగింది.

ఒక ఆదివారం ఉదయం లింబయ్య చుట్టచుట్టిన పెద్ద కాగితంతో వచ్చాడు. బల్లమీద పరచి, నాలుగు మూలలా నా పుస్తకాలు బరువు పెట్టాడు. నవీపేట్ మండలంలోని ఒక ఊరి మహిళా సంఘం వారు కౌలుకు తీసుకున్న నాలుగెకరాల చౌడు నేల అది. తూర్పు పడమరలుగా పొడుగ్గా, ఉత్తర దక్షిణాలుగా ఇరుకుగా ఉన్న చెక్క. అందులో పది వరుసల ఫలకాలు గీసి ఉన్నాయి. అన్నీ దక్షిణం వైపు ముఖం పెట్టి, బడి బల్లల వలె ఒకదాని వెనుక ఒకటి.

"అందంగానే ఉంది," అన్నాను.

"అందముంటె సరిపోదు. గీ దక్షిణం గట్టు సూడుండ్రి. మొదటి వరుస గట్టుకు ఆరడుగుల దూరంల ఉన్నది. గట్టవతల ఆత్మారాం పొలం. సర్వేకు మే నెలల వచ్చిండ్రు. అప్పుడు గా పొలంల ఏమున్నది? దున్నిన దుక్కి. కంప్యూటర్ల ఖాళీ జాగ అని రాసుకున్నరు."

"ఇప్పుడేమున్నది?"

"ఇప్పుడు వరి నారు. నేను ఆత్మారాం ఇంటికి పోయి కూసున్న. ఈ సాలు వరి, వచ్చే సాలు ఊస్ పెడతనంటున్నడు." ఆత్మారాం తాతలు దెగ్లూరు వైపునుండి వచ్చినవారు. ఊస్ అంటే మరాఠీలో చెరకు. "ఫ్యాక్టరీ మల్ల తెరుస్తరని మాట తిరుగుతున్నది గదా. తెరిసినా తెరవకున్నా, చెరకు పెట్టాల్నని ఆయనకు మనసు పడ్డది. చలికాలం వరకు చెరకు పన్నెండడుగులైతది టీచరమ్మ. చలికాలం పొద్దు దక్షిణాన వంగి నడుస్తది. గా చెరకు నీడ మొదటి వరుస మీదనే పడతది."

"పదింటిలో ఒక వరుసే కదా?"

"కింది ప్లేట్లు, పై ప్లేట్లు ఒకే దండల గుచ్చిండ్రు. ఫ్యాక్టరీల చెరకు ఆడే రోలర్లుంటయి. ఒక్క రోలర్ పట్టేస్తె వెనుకాల ఉన్నయన్ని నిలబడతయి. గిది గూడ గంతే. కింద నాలుగు ప్లేట్ల మీద నీడ పడితె, దండ దండంత మొద్దుబారుతది. మూడు నెలలు గా వరుస పని చెయ్యది. గట్ల ఇరవై అయిదేండ్లు."

గుంజలు పాతడం మంగళవారం మొదలవుతుంది. ఒకసారి కాంక్రీటు పోశాక కదిలించేది ఉండదు. సంఘంలోని డెబ్భై మంది స్త్రీలు తమ పేరుమీద వేసుకుంటున్న మొదటి కేంద్రం అది. అంచనా వేసినంత కరెంటు పుట్టకపోతే, ఆడవాళ్ళకు ఇదంతా ఎందుకన్న మాట ఊరిలో మిగిలిపోతుంది.

"ఇంజనీరుకు చెప్పలేదా?"

"చెప్పిన. అనిల్‌కుమార్ సార్ మంచోడే. కాని కంప్యూటర్ల ఖాళీ ఉన్నది కదన్నా అన్నడు. మీరు మంచి భాషల ఒక కాగితం రాసియ్యుండ్రి టీచరమ్మ. మీ రాత సూస్తె కాదనలేరు."

"నేను రాయను. మీరు రాయండి, నేను దిద్దుతాను. మీకు తెలిసినదాన్ని నా భాషలో చెబితే అది నా మాట అవుతుంది. నాకు చెరకు గురించి ఏం తెలుసు?"

అతడు పటం మీది పుస్తకాలు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టాడు. "గది చెప్పాల్నంటె ఇంకొకటి గూడ చెప్పాలె," అన్నాడు. అది ఏమిటో మాత్రం చెప్పలేదు. కాగితం చుట్టుకొని లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "రేపు ఊర్ల అందరం కూసుంటున్నం. మీరొచ్చి పక్కన నిలబడుండ్రి, సాలు."

ఆ ఊరి పేరు విన్నప్పుడే వెళ్ళాలనిపించింది. 1988 నుండి ఎనిమిదేళ్ళు నేను అక్కడి ఉన్నత పాఠశాలలో పనిచేశాను. సంఘం అధ్యక్షురాలు ఈరవ్వ నా దగ్గర ఎనిమిదవ తరగతి చదివిన పిల్ల. ఇప్పుడు ఆమెకు మనుమరాలు ఉంది.

సోమవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు చౌడు నేలలో టార్పాలిన్ కట్టి కూర్చున్నాము. ఇరవై మంది దాకా స్త్రీలు, ల్యాప్‌టాప్‌తో కుర్ర ఇంజనీరు అనిల్‌కుమార్, గట్టుమీద బీడీ తాగుతూ ఆత్మారాం. లింబయ్య పన్నెండడుగుల వెదురుకర్ర తెచ్చి దక్షిణపు గట్టుమీద నిలబెట్టాడు. ఇదీ చెరకు ఎత్తు అని చూపించాలని అతని ఆలోచన.

అది జూన్ నెల. మన ప్రాంతంలో ఆ రోజులలో సూర్యుడు నడినెత్తిని దాటి కొంచెం ఉత్తరం వైపుకే ఉంటాడు. వెదురుకర్ర నీడ మూరెడు కూడా లేదు. ఉన్న ఆ కాస్తా దక్షిణంగా, ఆత్మారాం మడిలోనే పడింది.

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. "ఓ లింబయ్యన్నా, మన నీడ ఆత్మారాం సేట్ పొలంల పడ్డది. ఆయననే మన మీద కేసు పెట్టుమను!" అన్నది ఈరవ్వ.

"నా వరి నల్లబడతది, పెడత మల్ల!" అని గట్టుమీదనుండి ఆత్మారాం కేక వేశాడు.

అనిల్‌కుమార్ కూడా నవ్వు ఆపుకోలేకపోయాడు. "చూశావా లింబయ్యన్నా? సర్వే తప్పు లేదు. రేపు పని మొదలుపెట్టేద్దాం."

లింబయ్య కర్ర కింద పెట్టాడు. అతని ముఖం చూస్తే ఇక మాట్లాడడని నాకు అనిపించింది. పక్కన నిలబడమన్నాడు కనుక నేను నిలబడే ఉన్నాను. అతడు నా వైపు చూడకుండానే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"వేల్పూర్‌ల ముత్తన్న అని ఒక రైతున్నడు. ఐదేండ్ల కింద ఆయన పొలంల ప్లేట్లు ఏసింది నేనే. జాగ నేనే సూసిన, గుర్తులు నేనే పెట్టిన. జూన్ నెలల పోయిన. పక్కన సాఫుగ ఖాళీ జాగ ఉన్నది. మంచిగున్నది, నీడ లేదు, అడ్డం లేదు అనుకున్న. ఫిబ్రవరిల సూస్తె అది పసుపు ఉడకబెట్టే కల్లం. చుట్టుపక్కలోళ్ళందరు అక్కడ్నే ఉడకబెడతరు, అక్కడ్నే డ్రమ్ముల ఏసి పాలిష్ పడతరు. రెండు నెలలు పొగ, పసుపు దుమ్ము. ప్లేట్లు పచ్చగ అయితయి. ముత్తన్న కడుగుతనే ఉంటడు, అది పడుతనే ఉంటది. ప్లేట్లు ఖరాబువి ఇచ్చిండ్రని కంపెనీని తిడతడు, తన నసీబును తిడతడు. నన్ను మాత్రం అన్నా అని పిలిచి చాయ్ తాపుతడు. తప్పు ప్లేట్లది కాదు, జాగ సూసిన నాదని ఆయనకు నేను ఇంతవరకు చెప్పలే."

ముత్తన్న ఫిర్యాదుల సంగతి అనిల్‌కుమార్‌కూ తెలిసినదే.

"ముత్తన్నది వేసింది నువ్వా?" అన్నాడు అనిల్‌కుమార్, నెమ్మదిగా.

"నేనే సార్. ఖాళీ జాగను సూసి మోసపోయిన. గప్పట్నుంచే గీ కాగితం." సంచిలోనుంచి పన్నెండు గడుల కాగితం తీశాడు. దక్షిణం పొలం వరుసలో జనవరి గడి దగ్గర 'చెరకు నాటు' అనీ, డిసెంబరు గడిలో 'చెరకు, పన్నెండు అడుగులు' అనీ రాసి ఉంది. నేను దిద్దని కాగితం అది. "ఇప్పుడు నీడ సూపిద్దామంటె జూన్ల డిసెంబర్ పొద్దును యాడికెల్లి తేను?"

అప్పుడు ఈరవ్వ నా వైపు తిరిగింది.

"టీచర్, మీకు కోపమొస్తది కావచ్చు గాని ఒకటి చెప్పాలె."

"చెప్పు."

"మన బడిల ప్రేయర్ గుర్తున్నదా? మీరు ముగ్గుపిండితోని గీతలు గీసిండ్రు. తరువాత గవ్విటి మీదనే సిమెంట్ కూడ పోయించిండ్రు. మాది మొదటి గీత, ఆఫీసు రూము ముంగట. జూన్ల మంచిగనే ఉంటుండె. చలికాలం వచ్చిందంటె ఆఫీసు రూము నీడ మా మీదికి వచ్చేది. వెనుక లైనోళ్ళు ఎండకు కాగుకుంట నిలబడేది, మేము పండ్లు కొరుక్కుంట వణికేది. ఎనుకకు జరుగుతమంటె మీరు గీత దాటనియ్యలే."

"అవునవ్వ, నా చేతులు కొంకర్లు పోతుండె," అని వెనుకనుండి ఒకామె అన్నది. "వందేమాతరం అంటుంటె పండ్లు టకటక కొట్టుకునేది," అని ఇంకొకామె. ఒక్కసారిగా అయిదారుగురు మాట్లాడారు. వాళ్ళందరూ మొదటి గీతవాళ్ళే. పొట్టిపిల్లలను ముందు నిలబెట్టేది నేనే.

వరుసలు తిన్నగా ఉండాలని ఆ గీతలు నేను గీయించిన మాట నిజం. బడులు తెరిచే జూన్ నెలలో గీయించిన మాట కూడా నిజం. ఎనిమిది చలికాలాలు ఆ పిల్లలు నీడలో వణుకుతూ నిలబడ్డారని ఆ చౌడు నేలలో నిలబడేదాకా నాకు తెలియదు.

"ఎన్ని గంటలకు ప్రేయర్?" అని అనిల్‌కుమార్ అడిగాడు.

"తొమ్మిదింటికి," అన్నాను. "ఆఫీసు గది దక్షిణాన ఉండేది. పన్నెండడుగుల ఎత్తు ఉంటుంది. మొదటి గీత గోడకు ఎనిమిది అడుగుల దూరం. అది నేనే కొలిపించాను. ఈ పిల్లలు చెబుతున్నది నిజమే. గీత తప్పు."

అనిల్‌కుమార్ ల్యాప్‌టాప్ ఒళ్ళోకి తీసుకున్నాడు. దక్షిణపు గట్టు పొడుగునా పన్నెండడుగుల గోడ ఒకటి గీశాడు. తేదీ దగ్గర డిసెంబరు ఇరవై ఒకటి, సమయం దగ్గర తొమ్మిది పెట్టాడు. అందరూ అతని వెనుక మూగారు. తెరమీద మొదటి వరుస ఈ కొసనుండి ఆ కొసదాకా నల్లబడింది. మధ్యాహ్నం పన్నెండు పెట్టాడు. అయినా కింది అంచు నల్లగానే ఉంది.

"సారీ లింబయ్యన్నా," అన్నాడు. ఆ పిల్లవాడి మీద నాకు గౌరవం కలిగింది.

వరుసలను వెనక్కి జరపడానికి ఉత్తరాన స్థలం లేదు. ఒక వరుస తీసివేస్తే కరెంటు తగ్గుతుంది. ఆత్మారాంను చెరకు పెట్టవద్దనడానికి మనమెవరం? ఆయనే గట్టుమీదనుండి, "నేను కావాల్నంటె ఒక సాలు ఆగుత," అన్నాడు. లింబయ్య ఒప్పుకోలేదు. "నీ చెరకు నువ్వు పెట్టు సేట్. ఫ్యాక్టరీ బందయినంక చెరకు పెడతననే మనిషిని ఇప్పుడిప్పుడే సూస్తున్న."

లింబయ్య, అనిల్‌కుమార్ ఇద్దరూ కింద కూర్చొని, పుల్లతో మట్టిలో గీసుకుంటూ లెక్కలు కట్టారు. నాకు అర్థమైనంతవరకు సంగతి ఇది. ఫలకాలను ఎంత ఏటవాలుగా నిలబెడితే ఒక వరుస నీడ వెనుక వరుసమీద అంత దూరం పడుతుంది, అందుకని మధ్యలో అంత ఖాళీ వదలాలి. పటంలో వాలు పద్దెనిమిది డిగ్రీలు. దానిని పన్నెండుకు తగ్గిస్తే ఒక్కొక్క సందులో అడుగున్నర మిగులుతుంది. పది వరుసలకు తొమ్మిది సందులు. పదమూడున్నర అడుగులు. ఆ మిగిలినదంతా దక్షిణపు గట్టు దగ్గర వదిలితే, మొదటి వరుస గట్టుకు ఆరడుగుల దూరంలో కాక పందొమ్మిదిన్నర అడుగుల దూరంలో నిలబడుతుంది.

"వాలు తగ్గితే ఏడాదిలో కొంచెం కరెంటు పోతుంది," అన్నాడు అనిల్‌కుమార్.

"చిటికెడు పోతది. వరుస వరుసంత పోయేదాని కన్న నయం కాదా సార్? కింది ప్లేట్లను కింది ప్లేట్లతోనే గుచ్చుదాం, పైవి పైవాటితోనే. తెల్లారగట్ల నీడ తాకినా కిందిదండ ఒక్కటే మొద్దుబారుతది, పైది నడుస్తది."

"ఇంకొకటి. పడుకోబెట్టినట్టు పెడితే వానకు సరిగ్గా కడుక్కుపోవు. చెరకు కొట్టాక ఆకు కాలుస్తారు, మసి పడుతుంది. చేతితో కడగాలి."

"కడుగుడు మాకు కొత్తనా సారూ?" అని ఈరవ్వ నడుమున చేయి పెట్టుకుంది. "పొద్దుగాల లేస్తె వాకిలి కడుగుతం, గిన్నెలు కడుగుతం, పశువులను కడుగుతం. మీ ప్లేట్లకు కొమ్ములైతె లేవు గదా!"

గుంజలు మంగళవారానికి బదులు ఆ పై సోమవారం పాతారు. ఆ సంవత్సరం నవంబరు నాటికి కేంద్రం కరెంటు సబ్‌స్టేషనుకు చేరింది.

ఇక్కడితో లింబయ్య గెలిచాడని రాయడం తొందరపాటు అవుతుంది. ఆ డిసెంబరులో ఆత్మారాం పొలం వరి కోసి ఖాళీగా ఉంది. నీడ పడవలసిన చోట మేకలు మేశాయి. "లింబయ్యన్నా, నీ చెరకు యాడబోయింది? ఎవరో నమిలిపోయినట్టున్నరు!" అని ఈరవ్వ ఫోను చేసి ఏడిపించేది. కంపెనీలో కూడా కొందరు, పద్నాలుగడుగుల నేల వృథా చేయించాడని అన్నారట. లింబయ్య అవన్నీ నాకు చెప్పి నవ్వేవాడు గాని, ఆ నవ్వు కళ్ళదాకా వెళ్ళేది కాదు. జనవరిలో ఆత్మారాం చెరకు ముచ్చెలు నాటాడు. లింబయ్య నెలకొకసారి అటు వెళ్ళి, పసిపిల్ల పొడుగు కొలిచినట్టు గడల పొడుగు కొలిచి వచ్చేవాడు. ఆగస్టులో గోదావరి పొంగి నీళ్ళు పొలాలమీదికి వచ్చిన వారం అతనికి నిద్రలేదు. కేంద్రం కోసం కాదు, చెరకు పడిపోతుందేమో అని.

పడిపోలేదు.

2025 డిసెంబరు ఇరవై ఒకటి ఆదివారం. ఉదయం ఏడు గంటలకే లింబయ్య మా ఇంటి ముందు ఆటో ఆపించాడు. మేము చేరేసరికి ఊరిమీద మంచు ఇంకా విడలేదు. గట్టవతల చెరకు తోట నిండుగా నిలబడి ఉంది. కొన్ని గడలు అప్పుడే తెల్లని పూత వేశాయి. ఈరవ్వ, మరో నలుగురు పొడుగు కర్రలకు గుడ్డలు కట్టి ఫలకాలు తుడుస్తున్నారు.

తొమ్మిది కాగానే లింబయ్య టేపు కొస నా చేతికి ఇచ్చాడు. "గట్టు మీద పట్టుకొని నిలబడుండ్రి టీచరమ్మ." నేను వంగి, గట్టు అంచున ఇనుప కొక్కెం ఆనించి పట్టుకున్నాను. అతడు టేపు లాక్కుంటూ ఉత్తరంగా నడిచాడు. చెరకు నీడ నేలమీద దువ్వెన పళ్ళలా పరచుకొని ఉంది. అది ముగిసిన చోట మోకాళ్ళమీద కూర్చున్నాడు.

"పదిహేనున్నర!" అని అరిచాడు.

అక్కడినుండి మొదటి వరుస దాకా నాలుగడుగుల ఎండ. ఆ ఎండలో ఈరవ్వ వచ్చి నిలబడింది, కొంగు భుజాలచుట్టూ కప్పుకొని. "టీచర్, గీత ఇప్పుడు సక్కగున్నది," అన్నది. ఆమె నవ్వి, గట్టు దగ్గరికి వచ్చి, నా చేతిలోని టేపు కొస తాను తీసుకుంది.

ఇన్వర్టరు పెట్టె దగ్గరికి వెళ్ళి లింబయ్య తెరమీది అంకెలు ఒక్కొక్కటిగా చదివాడు. పది వరుసలూ దాదాపు ఒకే లెక్క. ఫోటో తీసి అనిల్‌కుమార్‌కు పంపాడు. క్షణంలో ఫోను మోగింది. ఏమన్నాడో నాకు వినిపించలేదు. లింబయ్య "అవును సార్, అవును సార్" అంటూ అటు తిరిగి, కళ్ళు తుడుచుకున్నాడు.

తిరిగి ఆటో ఎక్కబోయేముందు, కేంద్రం తలుపు పక్కనున్న సిమెంటు దిమ్మెమీద కూర్చొని అతడు సంచి తెరిచాడు. రేపు వేల్పూరు వెళుతున్నానన్నాడు. కల్లం పక్కనున్న ఫలకాలన్నింటినీ ఒకే దండలోకి మార్చితే, దుమ్ము పట్టినా మిగిలినవి బాగా నడుస్తాయనీ, ఆ పని తానే తన చేతులతో చేస్తాననీ, అనిల్‌కుమార్ సరేనన్నాడనీ చెప్పాడు. పని మొదలుపెట్టేముందు ముత్తన్నకు చెప్పవలసింది ఒకటి ఉంది. ఎదురుగా కూర్చుంటే ముత్తన్న చాయ్ తాపుతాడనీ, ఆ చాయ్ చేతిలో ఉండగా నోరు పెగలదనీ, అందుకని రాశాననీ అన్నాడు.

నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం నాకిచ్చాడు. రెండువైపులా అతని చేతిరాత. నా చేయి తనంతట తానే నా చేతిసంచిలోకి వెళ్ళి ఎర్ర పెన్ను బయటికి తీసింది.

లింబయ్య ఆ పెన్ను మీద తన అరచేయి అడ్డం పెట్టాడు.

"గది లోపట పెట్టుండ్రి టీచరమ్మ. తప్పులుంటె ఉండనీయుండ్రి, గట్లనే ఇస్త. మీరు జెర సదివి, ముత్తన్నకు అర్థమయితదా కాదా, గదొక్కటి చెప్పుండ్రి."